తీగ లాగితే... దిబ్బ కదిలింది!

పిల్లలతో బీచ్‌కి వెళ్లారా? ఇసుకలో పాకే ఆ పచ్చటి తీగ కనబడితే వాళ్లు ఊరుకోరు. కొస పట్టుకుని లాగుతారు. పదడుగులు... ఇరవై అడుగులు... లాగేకొద్దీ వస్తూనే ఉంటుంది. చూడ్డానికి సరదాగానే ఉంటుంది. కానీ ఆ తీగ ఇసుకను పట్టుకుని ఉంది. ఆ ఇసుక వెనక ఓ ఊరుంది. ఆ ఊరికో మంచినీళ్ల గుంట ఉంది. తీగ లాగితే డొంకంతా కదలడం సామెత. సముద్రం ఒడ్డున మాత్రం దిబ్బే కదులుతుంది!

గుంటూరు, విజయవాడ వాళ్లకే కాదు, హైదరాబాదు వాళ్లకీ సముద్రం అనగానే ముందు గుర్తొచ్చే పేరు సూర్యలంక. బాపట్లకు తొమ్మిది కిలోమీటర్లు. సెలవొస్తే చాలు, కార్లూ బస్సులూ బారులు తీరతాయి. అందరి చూపూ అలల మీదే. వెనక్కి తిరిగి చూసేవాళ్లు తక్కువ. ఈసారి వెళ్లినప్పుడు ఆ సందడికి కాస్త దూరం జరగండి. నీళ్లకు వీపు పెట్టి ఊరివైపు నడవండి. సూర్యలంక అనే కాదు... చీరాల దగ్గరి ఓడరేవు, రామాపురం, పైన శ్రీకాకుళం తీరం, కింద నెల్లూరు తీరం... ఇసుక దిబ్బలు మిగిలి ఉన్నచోట ఎక్కడైనా సరే. ఆ కొద్దిపాటి నడకలో మీకు రెండు రకాల పచ్చదనాలు ఎదురవుతాయి. ఒకటి దిబ్బను కట్టింది. రెండోది కట్టిన దిబ్బ మీదికి తర్వాత వచ్చి చేరింది.

గాలి తెస్తుంది... మొక్క ఆపుతుంది

అసలు దిబ్బ ఎలా పుడుతుంది? అల ఇసుకను ఒడ్డున పోసి వెళ్లిపోతుంది. ఎండకు అది ఆరుతుంది. సముద్రపు గాలి ఆ రేణువుల్ని లేపి, గెంతిస్తూ లోపలికి తోసుకుపోతుంది. దారిలో ఏ అడ్డూ లేకపోతే ఆ ఇసుక నేరుగా పొలాల్లోకీ ఇళ్లలోకీ పోతుంది. చిన్న ఆకు అడ్డం వచ్చినా చాలు, అక్కడ గాలి వేగం తగ్గి ఇసుక కిందపడుతుంది. అరుగు మీద ఆరబోసిన పిండి గాలికి లేచి గోడవార చేరినట్టన్నమాట. ఆ పిడికెడు ఇసుకే గుప్పెడై, గంపెడై, కొన్నేళ్లకు మనిషెత్తు దిబ్బవుతుంది.

అయితే ఆ మొదటి ఆకుగా నిలబడటం అంత తేలిక కాదు. వేసవి మధ్యాహ్నం చెప్పుల్లేకుండా రెండడుగులు వేయలేని ఇసుక అది. వాన పడితే నీళ్లు నిమిషాల్లో కిందికి ఇంకిపోతాయి. ఎరువన్న మాటే లేదు. గాలి నిండా ఉప్పు తుంపర. వీటన్నిటినీ మించిన కష్టం ఇంకోటుంది... రోజూ కొంచెం కొంచెంగా ఇసుక మీద పడి మొక్కను పాతిపెట్టేస్తూ ఉంటుంది. పెరట్లో ఎంతో బలంగా పెరిగే మొక్కను తెచ్చి ఇక్కడ నాటితే వారం తిరక్కుండా మాడిపోతుంది. అలాంటిచోట తరతరాలుగా కాపురం చేస్తున్న మొక్కలున్నాయి.

చెవులపిల్లి తీగ... రావణాసురుడి మీసాలు!

మొదటి వరుసలో కనిపించేది పిల్లలు లాగిన తీగే. బాలబంద తీగ అనీ, చెవులపిల్లి తీగ అనీ పేర్లు. ఆకు మధ్యలో చీలి ఉంటుంది. మనవాళ్లకు అందులో కుందేలు చెవులు కనిపించాయి. శాస్త్రజ్ఞులకేమో మేక గిట్ట కనిపించింది. అందుకే వాళ్లు లాటిన్‌లో 'మేకకాలు' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. పొద్దున్నే ఊదారంగు గన్నేరు పూల గుత్తుల్లా కాదు, ఒక్కొక్కటిగా గరాటు ఆకారంలో పూలు విచ్చుకుంటాయి. ఎండ ముదిరేసరికి వాడిపోతాయి.

ఈ తీగ పైకి లేవదు. నేలకు కరుచుకుని ఇరవై, ముప్పై మీటర్ల దాకా పాకుతుంది. గాలికి తల వంచడమే దాని బలం. కణుపు కణుపుకీ వేరు దింపుతుంది. ఇసుక మీద పడి కప్పేస్తే చచ్చిపోదు. కప్పడినచోట కొత్త వేరు వేసి, కొస పైకి తీసుకొస్తుంది. దిబ్బ ఎత్తు పెరిగితే తీగా పెరుగుతుంది... తీగ పెరిగినకొద్దీ దిబ్బా పెరుగుతుంది. ఆకులు దళసరిగా, మైనం రాసినట్టు నున్నగా ఉంటాయి. అందువల్ల లోపలి నీరు బయటికి పోదు, బయటి ఉప్పు లోపలికి రాదు. ఆకు మొదట్లో చిన్న తేనె గ్రంథులుంటాయి. వాటికోసం చీమలు చేరతాయి. ఆకును కొరికి తినే పురుగులకు ఆ చీమలే కాపలా. గింజలు మరీ విచిత్రం. నెలల తరబడి సముద్రంలో తేలి, ఎక్కడో ఒడ్డుకు చేరి మొలకెత్తగలవు. ప్రపంచంలోని వేడిదేశాల తీరాలన్నిటా ఈ తీగ కనబడటానికి కారణం ఆ ఈత విద్యే! జెల్లీఫిష్ కుట్టినచోట దీని ఆకురసం రాసుకోవడం చాలా దేశాల జాలరుల్లో ఉన్న వాడుక.

దాని పక్కనే బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో, సూదుల్లాంటి ఆకులతో గుబురుగా ఓ గడ్డి ఉంటుంది. దాని పేరు రావణాసురుడి మీసాలు. కాలికి తగిలితే ఆ పేరెందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు! ఆకు పొడవునా చుట్టుకుపోయి ఉంటుంది కాబట్టి నీరు ఆవిరి కాదు. మేకలు కూడా దాన్ని ముట్టుకోవడానికి జంకుతాయి. ఇందులో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. ఆడ మొక్కకు కాసే ముళ్లబంతి పండి ఊడిపోయాక, గాలికి ఒడ్డు వెంట దొర్లుకుంటూ పరుగెడుతుంది. ఎక్కడో చిక్కుకుని ఆగుతుంది. గింజలు రాలి అక్కడ మొలకెత్తుతాయి. అంటే... ఎక్కడ ఇసుక ఆగుతుందో సరిగ్గా అక్కడే మొక్క మొలుస్తుందన్నమాట.

వీటికి తోడుగా తమ్మకాయల బంధువైన అడవి తమ్మ తీగ, ఇసుకలో సూటిగా వరుస కట్టి మొలిచే ఓ రకం తుంగ ఉంటాయి. ఈ ముందువరుస ఉప్పుగాలిని కాచుకుంటేనే వెనక కాస్త మెత్తటి ప్రాణాలు బతుకుతాయి. దిబ్బ శిఖరం దాటాక జిల్లేళ్లు, ఊడలు దింపుకుని నిలబడే మొగలి పొదలు, పొన్నచెట్లు, తాళ్లు వస్తాయి. మొగలిపూల వాసన అందరికీ తెలిసిందే. ఒడిశాలోని గంజాం తీరంలో ఆ పూలే అత్తరుగా మారి ఎన్నో కుటుంబాలకు తిండి పెడుతున్నాయి.

దిబ్బ కింద తియ్యటి నీరు

ఈ మొక్కలూ దిబ్బలూ ఉంటే ఎంత, పోతే ఎంత అనుకునేవాళ్లు బాపట్ల, చీరాల ప్రాంత రైతును అడగాలి. సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా ఇక్కడ ఇసుకలో గుంట తవ్వితే మంచినీరు ఊరుతుంది. దాన్ని దొరువు అంటారు. వాలుగా తవ్విన ఆ గుంటలోకి దిగి, కడవలతో నీళ్లు తోడి, మొక్క మొక్కకీ పోసి ఈ ఇసుక నేలల్లో కూరగాయలూ పూలూ వేరుశనగా పండించారు. తర్వాత బాపట్లలోని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఆ పాత పద్ధతినే మెరుగుపరిచారు. ఇసుకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, వాటిలోకి ఊరిన నీటిని ఒక బావిలోకి చేర్చి, మోటారుతో తోడుకునే ఏర్పాటు చేశారు. పేరు మాత్రం పాతదే... దొరువు!

ఉప్పు సముద్రం పక్కన తియ్యటి నీరెలా నిలుస్తుంది? దిబ్బ స్పాంజిలాంటిది. పడ్డ వాననంతా పీల్చుకుంటుంది. మంచినీరు ఉప్పునీటికన్నా తేలిక. అందుకే కలిసిపోకుండా దానిమీద తేలుతూ నిలుస్తుంది. సముద్ర మట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీరు ఉంటే, దాని కింద సుమారు నలభై అడుగుల లోతుదాకా మంచినీరే ఉంటుందని శాస్త్రం లెక్క. ఈ లెక్కకు రెండో వైపు కూడా ఉంది. పైన ఒక్క అడుగు తరిగితే, కింద ఉప్పునీరు నలభై అడుగులు పైకి జరగడానికి సిద్ధంగా ఉంటుంది! దిబ్బను తవ్వి ఇసుక పట్టుకుపోయినా, చదును చేసి రొయ్యల చెరువు పెట్టినా పోయేది మట్టి మాత్రమే కాదు... ఊరి మంచినీళ్ల తొట్టి.

సరుగుడు... మంచిదే, ఎక్కడ?

ఇప్పుడు నడకలో రెండో పచ్చదనం దగ్గరికి వద్దాం. తీరంలో దూరం నుంచే కనిపించే పొడవాటి చెట్లు సరుగుడు తోటలు. కొన్నిచోట్ల సర్వి అంటారు. చల్లగా ఈల వేసే ఆ తోపులో కూర్చుని అన్నం తిననివాళ్లు అరుదు. అది మన చెట్టే అనుకుంటాం. కానీ దాని పుట్టిల్లు ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా, పసిఫిక్ దీవులు. పందొమ్మిదో శతాబ్దంలో వంటచెరకు కోసం, రైలింజన్లలో వేసే కట్టెల కోసం మద్రాసు తీరం వెంట దీన్ని విరివిగా నాటించారు.

సరుగుడు గుణాలు చూస్తే ముచ్చటేస్తుంది. మనం ఆకులనుకునే ఆ సన్నటి పుల్లలు నిజానికి ఆకులు కావు, కణుపులున్న లేత కొమ్మలు. అసలు ఆకులు ఆ కణుపుల దగ్గర పొలుసుల్లా ఉంటాయి. వేళ్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి. అందుకే ఎరువు లేని ఇసుకలోనూ ఎత్తుగా ఎదుగుతుంది. నాలుగైదేళ్లలో కోతకొస్తుంది. పందిళ్లకు, సెంట్రింగుకు, పేపరు మిల్లులకు పనికొస్తుంది. చిన్న రైతుకు అది బ్యాంకులో వేసిన డబ్బులాంటిది. పిల్ల పెళ్లికో, పిల్లవాడి చదువుకో కొట్టి అమ్ముకుంటాడు. దాన్ని కాదనేవాళ్లెవరు?

చిక్కల్లా అది నిలబడే చోటు దగ్గరే వస్తోంది. చెట్టు నుంచి రాలిన పుల్లలు నేలమీద దట్టంగా పరుచుకుంటాయి. ఆ పరుపు కింద మరో గింజ మొలకెత్తడం కష్టం. పైన నీడ. ఎండ లేనిదే బతకని చెవులపిల్లి తీగ, రావణాసురుడి మీసాలు అక్కడినుంచి తప్పుకుంటాయి. తోట వెనక ఉన్నంతకాలం బాధ లేదు. దిబ్బ దాటి ముందుకొచ్చి, అలల అంచుదాకా నాటితేనే తంటా. అల కోత పెడితే ఇసుకను కణుపు కణుపునా పట్టుకునే తీగ అక్కడ ఉండదు. చెట్టు వేళ్లతో సహా ఒరిగిపోతుంది.

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తమిళనాడు, ఆంధ్ర తీరాల్లో రక్షణ కవచం పేరుతో సరుగుడు నాటడం జోరందుకుంది. ఉద్దేశం మంచిదే. కానీ కొన్నిచోట్ల ఆ వరుసలు ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే ఖాళీ ఇసుకలోకి కూడా వచ్చేశాయి. జనవరి నుంచి మొదలుపెట్టి వేసవి దాకా రాత్రిపూట ఒడ్డుకొచ్చే తల్లి తాబేలు అలలు అందని మెత్తటి ఇసుకలో గొయ్యి తీసి వందకు పైగా గుడ్లు పెడుతుంది. వేళ్లూ, చెత్తా అడ్డొస్తే వెనుదిరిగిపోతుంది. పాకే తీగల మధ్య దానికి చోటుంటుంది. దట్టంగా నాటిన మొక్కల మధ్య ఉండదు.

కమలాపురం నుంచి కడలి దాకా

తోట దాటి ఊరిబాట పడితే ముళ్లకంప మొదలవుతుంది. సర్కారు తుమ్మ, సీమ తుమ్మ, చిల్లకంప... ఊరికో పేరు. దీని కథలో మనకూ ఒక పేజీ ఉంది. మధ్య అమెరికా, కరీబియన్ దీవుల ప్రాంతానికి చెందిన ఈ చెట్టు విత్తనాలను వంటచెరకు కోసమని బ్రిటిష్ అటవీ అధికారులు జమైకా నుంచి తెప్పించారు. 1876-77 ప్రాంతంలో వాటిని మొదటగా నాటింది ఎక్కడో కాదు, మన కడప జిల్లా కమలాపురంలో! అక్కడ మొదలైన చెట్టు ఇవాళ మెట్టలు, చెరువు గట్లు, రైలు పట్టాల పక్కలు దాటి ఇసుక దిబ్బల వెనక్కి చేరింది.

ఇది గెలిచిన పద్ధతి చూడండి. ఆకు చేదు, పశువు ముట్టదు. కాయ తీపి, మేకలు ఎగబడి తింటాయి. గింజ మాత్రం అరగదు. మేక ఎక్కడికి వెళితే అక్కడ పెంటతో పాటు పడి, ఎరువుతో సహా మొలుస్తుంది! నరికితే మొదలు నుంచి నాలుగు పిలకలు వేస్తుంది. వేళ్లు లోతుకు వెళ్లి నీటిని అందుకుంటాయి. ఉప్పు నేలను తట్టుకుంటుంది. రాలిన ఆకుల్లోని రసాయనాలు పక్క మొక్కల మొలకల్ని అణిచేస్తాయి. కొత్త నీరొచ్చి పాత నీటిని కొట్టేసినట్టు, తుమ్మ చొరబడిన చోట పాత మొక్కలు ఒక్కొక్కటే కనుమరుగవుతాయి. అలాగని దాన్ని తిట్టిపోసి ఊరుకోలేం. ఎన్నో పేద ఇళ్లలో పొయ్యి వెలిగేది దాంతోనే. బొగ్గు కాల్చి బతికేవాళ్లూ ఉన్నారు. ఉన్నపళంగా పీకేస్తే వాళ్లకు మరో దారి చూపించాలి, ఖాళీ అయిన చోట ఇసుకను పట్టే మొక్కా ఉండాలి.

పరాయి మొక్కను తెచ్చి తిప్పలు పడటం మనకు కొత్త కాదు. దిబ్బల మీద అక్కడక్కడా కనిపించే నాగజెముడు కూడా అలా వచ్చిందే. ఎర్రరంగునిచ్చే కోచినీల్ పురుగుల్ని పెంచడానికని ఈస్టిండియా కంపెనీవాళ్లు పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఆ జాతి మొక్కల పెంపకం మొదలెట్టారు. రంగు వ్యాపారం సాగలేదు. జెముడు మాత్రం దక్షిణాదిలో పొలాలకు పొలాలు ఆక్రమించింది. చివరికి 1926లో శ్రీలంక నుంచి మరో రకం కోచినీల్ పురుగును తెచ్చి వదిలితే, అది జెముడును తినేసి పీడ వదిలించింది. తుమ్మకు అంత సులువైన విరుగుడు దొరకలేదు.

తేడా ఎక్కడుంది?

పాతకాపులు, వలస వచ్చినవి... రెండూ ఎండకూ ఉప్పుకూ ఓర్చుకునేవే. మరి తేడా ఏమిటి? తీగకు ఇసుక కదులుతూ ఉండాలి. మీద ఇసుక పడితేనే అది చురుగ్గా పెరుగుతుంది. అందుకే తుపాను దిబ్బను కోసుకుపోయినా, మర్నాటి నుంచే మిగిలిన తునక మళ్లీ పాకడం మొదలుపెడుతుంది. దిబ్బను మరమ్మతు చేస్తుంది. తుమ్మకు, సరుగుడుకు ఇసుక కుదురుగా ఉండాలి. ఎవరో కట్టిన ఇంట్లో అవి బాగా కాపురం చేస్తాయి. కూలిన ఇంటిని తిరిగి కట్టడం మాత్రం వాటికి చేతకాదు.

తూర్పు తీరానికి ఈ తేడా ప్రాణాలతో ముడిపడిన విషయం. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. 2004 సునామీలో ఆంధ్ర తీరంలోనూ వందమందికి పైగా చనిపోయారు. ఎత్తయిన దిబ్బలు చెక్కుచెదరకుండా ఉన్నచోట నీటి ఉరవడి తగ్గిందనీ, దిబ్బల్ని చదును చేసినచోటా గండ్లు పడినచోటా నీరు లోపలికి దూసుకొచ్చిందనీ ఆ తర్వాత తీరాన్ని పరిశీలించినవాళ్లు గమనించారు. ఇసుక దిబ్బలకు చట్టం రక్షణ కూడా ఉంది. 1991లో మొదలై 2011లో, 2019లో మార్పులు చెందిన తీరప్రాంత నియంత్రణ నిబంధనల ప్రకారం దిబ్బలు అత్యంత సున్నితమైన మొదటి విభాగంలోకి వస్తాయి. అయినా సముద్రం బాగా కనబడాలని ముందున్న దిబ్బను చదును చేయించేవాళ్లున్నారు. బీచ్ శుభ్రం చేయడమంటే ప్లాస్టిక్‌తో పాటు తీగనూ పీకి పారేయడం అనుకునేవాళ్లున్నారు. పీకినచోట లాను గడ్డి, క్రోటన్ కుండీలు పెడతారు. వాటికి నీళ్లు మళ్లీ ఆ దిబ్బ కిందినుంచే తోడాలి!

చేయాల్సినవి పెద్ద పనులేం కావు. దిబ్బ మీద నడవడానికి ఒకటే బాట వేసి మిగతా చోట తీగను వదిలేయాలి. గండిపడ్డ చోట చెవులపిల్లి తీగ ముక్కలు నాటితే చాలు, కణుపుల దగ్గర వేళ్లు అవే వేసుకుంటాయి. సరుగుడు తోటలు దిబ్బకు వెనక ఉంచి, ముందువైపు ఖాళీ ఇసుకను తీగకూ తాబేలుకూ వదలాలి. కొత్తగా నాటేటప్పుడు మొగలి, పొన్న, తాటి లాంటి ఇక్కడి చెట్లకు చోటివ్వాలి.

వెళ్లేవారికి...

బాపట్ల విజయవాడ-చెన్నై రైలుమార్గంలో ఉంది. గుంటూరు నుంచి రోడ్డుమీద సుమారు యాభై కిలోమీటర్లు. అక్కణ్నుంచి సూర్యలంకకు ఆటోలూ బస్సులూ దొరుకుతాయి. ఊళ్లో భావనారాయణస్వామి గుడి చూడదగ్గది. పూలు చూడాలంటే పొద్దున్నే వెళ్లాలి, తొమ్మిది దాటితే ఇసుక కాలుతుంది. చెప్పులు మర్చిపోవద్దు... రావణాసురుడి మీసాలకు పట్నం, పల్లె తేడా లేదు. దొర్లే ముళ్లబంతి కనిపిస్తే పిల్లలకు చూపించండి. దానివెంట ఎంతదూరం పరుగెత్తినా ఫర్వాలేదు. తీగను మాత్రం లాగనివ్వకండి. ఆకు మీద చేయి వేసి ఆ దళసరితనం చూడమనండి, కణుపు దగ్గర ఇసుక కాస్త తప్పించి వేరు చూపించండి. చూశాక ఆ ఇసుక మళ్లీ కప్పేయమనండి.